వద్దన్నది ఆయన కాదు

మా సంఘ పత్రిక రిటైరైన పాస్టర్లకు ఉచితంగా వస్తుంది. నేను దాన్ని వెనక నుంచి చదవడం మొదలుపెడతాను. మరణవార్తలు ఆఖరి పేజీలో ఉంటాయి, నా వయసువాడికి తెలిసిన ముఖాలు ఇప్పుడు ఆ పేజీలోనే ఎక్కువ. పోయిన నెల అందులో యేసుపాదం ఫోటో వేశారు. ఆయన పోయిన సంగతి నాకు కొత్త కాదు. బంగారు గనుల దగ్గర మారికుప్పంలో ఆయన్ను మట్టి చేసిన రోజు నేనూ ఒక పిడికెడు మన్ను వేసి వచ్చాను. ఫోటో కింద ఆరు వాక్యాలున్నాయి. అందులో నాలుగోది: "సహజ వినయశీలి అయిన యేసుపాదం గారు గురుపట్టాన్ని తనంతట తానే వద్దనుకుని జీవితాంతం ఉపదేశిగానే ప్రభువును సేవించారు."

అది అబద్ధం. తెలియక రాసిన పొరపాటైతే ఊరుకునేవాణ్ణి. కానీ ఆ నాటి కాగితాలు సెమినరీ బీరువాలో ఇప్పటికీ ఉన్నాయి, తెరిచి చూసే ఓపిక ఎవరికైనా ఉంటే కనబడతాయి. ఆయన మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ కాదన్నారు. కాదన్నవాళ్ల పాపాన్ని చచ్చినవాడి వినయం కింద కప్పేసి, పైన పూలదండ వేశారు. ఈ వయసులో ఇంత కోపం వస్తుందని నేననుకోలేదు.

మా లూథరన్ సెమినరీ కోలారుకూ బంగారు గనులకూ మధ్య, బోడి రాళ్ల గుట్ట కింద ఉండేది. తెల్లవారుజామున అయిదింటికి వాచ్‌మన్ వేలాడదీసిన రైలు పట్టా ముక్కను కొట్టేవాడు. ఆ మోతకు లేచి, చలికాలమైనా బావి దగ్గరే స్నానం చేసి, చాపెల్‌లో చాపల మీద వరసగా కూర్చునేవాళ్లం. నాపరాళ్ల చల్లదనం చాప దాటి ఎముకలకెక్కేది. ఎర్ర పాలిష్ వాసన, కిటికీ అవతలి నీలగిరి చెట్ల వాసన, అప్పుడే వెలిగించిన మైనపు వత్తుల వాసన, మూడూ కలిసి వచ్చేవి. ఆ కలిపిన వాసనే దేవుడి వాసన అని చాలా ఏళ్లు నేను నమ్మాను. శ్రమల కాలంలో బలిపీఠం మీద ఊదారంగు గుడ్డ పరిచేవాళ్లం, పునరుత్థాన పండుగకు తెల్లది. ఆ గుడ్డల్ని ఉతికి, గంజి పెట్టి, మడత నలగకుండా ఇస్త్రీ చేయడం మొదటి ఏడు విద్యార్థుల పని. ప్రార్థన ముగిసేసరికి వంటింటి నుంచి రాగి సంగటి ఉడికే వాసన, చెనిక్కాయల ఊరిబిండి నూరే చప్పుడు వచ్చేవి. వంట చేసే రాహేలవ్వ గిన్నె అంచు మీద గరిటెతో రెండు దెబ్బలు కొడితే మాకు రెండో గంట.

మా ప్రిన్సిపాల్ అయ్యగారు కోస్తా డెల్టా నుంచి వచ్చినవారు. మనిషిగా మంచివారు, ఆ మాట ముందే చెప్పాలి. తన పంచె తానే ఉతుక్కునేవారు. విద్యార్థికి జ్వరమొస్తే జావ గ్లాసు స్వయంగా పట్టుకొచ్చి, తాగేదాకా మంచం పక్కనే కూర్చునేవారు. మా అందరి తల్లుల పేర్లూ ఆయనకు తెలుసు, శనివారం సాయంత్రం ఒక్కో పేరూ చెప్పి ప్రార్థించేవారు. చెడ్డవాళ్లు చేసిన అన్యాయమైతే ఇంతకాలం మండదు. ఇది మంచివాళ్లు, మోకాళ్లూని ప్రార్థించి లేచి చేసిన అన్యాయం.

ఆయనకు ఒకే ఒక పట్టుదల ఉండేది, భాష. క్లాసులో పెన్సిల్ చేతిలో పట్టుకుని కూర్చునేవారు. మాలో ఎవరైనా "వచ్చినాడు" అంటే బల్ల మీద టక్కున కొట్టేవారు. "ఉండాది" అంటే రెండు దెబ్బలు. మాలో సగం మంది గనుల లైన్లలో, అంటే కూలీల ఇళ్ల వరసల్లో, పుట్టినవాళ్లం. చిత్తూరు పల్లెల నుంచి తాతలు తెచ్చుకున్న తెలుగులో కన్నడమూ అరవమూ కలిసిపోయిన మాట మాది. నేను మూడు నెలల్లో మార్చుకున్నాను. సెలవులకు ఇంటికి పోయినప్పుడు మా అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "ఏమిరా సామేలూ, కోర్టులో వకీలు మాట్లాడినట్ల మాట్లాడతాండావే! మాకు అర్థమయ్యేట్ల చెప్పు." నాకు రోషం వచ్చింది, కానీ లోపల గర్వంగానూ ఉండింది. అయ్యగారు నన్ను ఇతరులకు ఉదాహరణగా చూపించేవారు.

యేసుపాదం మార్చుకోలేదు. మార్చుకోలేకపోయాడేమో కూడా. మాకంటే పదేళ్లు పెద్దవాడు. గనిలోకి దిగి దిగి భుజాలు ముందుకు వంగిపోయాయి, నుదుటి మీద రాతి పొడి చర్మంలోకి దిగి నీలం చుక్కలుగా నిలిచిపోయింది. వాళ్ల నాయన అదే గనిలో బండలు కూలి పోయాడు, శవం కూడా దొరకలేదు. షిఫ్టుకు దిగేముందు కేజ్‌లో, అంటే మనుషుల్ని పాతాళానికి దించే ఇనప పెట్టెలో, తోటివాళ్ల కోసం గట్టిగా ప్రార్థన చేసే అలవాటు ఆయనకుండేది. హిందువులూ తల వంచుకుని వినేవాళ్లట. వాళ్లే, "నువ్వు ఈడ కాదప్పా ఉండాల్సింది, పొయ్యి పాదిరివి కా" అని పంపారు.

సాయంత్రం ప్రార్థన విద్యార్థులు వంతులవారీగా చేయాలి. మేమంతా దేవుణ్ణి సమాసాలతో పిలిచేవాళ్లం. ఆయన వంతు మొదటిసారి వచ్చిన సాయంత్రం నాకింకా గుర్తుంది. దేవుణ్ణి పక్కింటివాణ్ణి పిలిచినట్టు పిలిచాడు.

"స్వామీ, యాడుండావు? ఈడనే ఉండావని తెలుసు, అయినా అడుగుతాండాను. రాహేలవ్వకు మోకాలు వాచిపోయి ఉండాది. పొయ్యికాడ కూర్చోలేకుండా ఉండాది. అయినా మాకు రెండు పూటలా వండి పెడతాండాది. కొంచెం చూడప్పా. మాకు పాఠాలు ఎక్కకపోయినా పర్వాలేదు, ఆ మోకాలు చూడు."

ముందు వరసలో ఒకడు కిసుక్కున నవ్వాడు. వంటింటి గుమ్మం నుంచి రాహేలవ్వ మాత్రం చాపెల్ అదిరేలా "ఆమేన్" అంది. మర్నాడు అయ్యగారు ఆయన్ను గదికి పిలిపించి, దేవుణ్ణి "అప్పా" అని సంబోధించడం మోటు అని చెప్పారు. అదే ఉదయం క్లాసులో, ప్రభువు తన తండ్రిని ఇంట్లో పిల్లలు పిలిచే మాటతోనే పిలిచాడని అరగంట సేపు కళ్లు చెమర్చేలా వివరించింది కూడా ఆయనే. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడాలని అప్పుడు మాలో ఒక్కడికీ తోచలేదు.

నాలుగేళ్ల చదువు అయ్యాక, గురుపట్టం ఇచ్చే అభిషేకానికి ముందు పెద్దల ఎదుట ఒక ప్రసంగం చేయాలి. కోస్తా నుంచి ముగ్గురు పెద్దలు వచ్చారు. యేసుపాదానికి తప్పిపోయిన గొర్రె కథ ఇచ్చారు, నూటిలో ఒకటి తప్పిపోతే కాపరి వెతుక్కుంటూ పోయే కథ. ఆయన గొర్రె జోలికి పోలేదు. మా గనుల్లో పనికి దిగే ప్రతివాడికీ ఒక ఇత్తడి బిళ్ల ఇచ్చేవాళ్లు, పైకి వచ్చినవాడు దాన్ని తిరిగి ఇస్తే బోర్డు మీద వాడి మేకుకు తగిలించేవాళ్లు. ఆయన అక్కడ మొదలుపెట్టాడు.

"నూరు మంది షిఫ్టుకి దిగినారు. తొంభైతొమ్మిది మంది పైకొచ్చినారు. తొంభైతొమ్మిది బిళ్లలు బోర్డుకి ఎక్కినాయి. ఒక మేకు ఖాళీగా ఉండాది. దొర ఏమంటాడు? ఇంత మంది వచ్చినారు కదా, ఇంగ చాలు, గేటు ముయ్యి అంటాడు. మా స్వామి అట్లనడు. ఆ ఖాళీ మేకు కాడ నిలబడతాడు. ఎవడిదిరా ఇది, వాని పేరేంది, వాని పెండ్లాము యాడుండాది అని అడుగుతాడు. దీపం పట్టుకోని తనే కేజ్‌లోకి ఎక్కుతాడు. ఆయనకూ భయమే. అయినా దిగుతాడు. మా నాయన బిళ్ల ఆ బోర్డుకి తిరిగి రాలేదు. అది స్వామి చేతిలో ఉండాదని నేను నమ్మతాండాను. నమ్మకపోతే నేను ఈడికి వచ్చేవాణ్ణే కాదు."

వెనక నిలబడ్డ వంటవాళ్లూ తోటపనివాళ్లూ ఏడుస్తున్నారు. నేనూ ఏడ్చాను. నా జీవితంలో వందల ప్రసంగాలు విన్నాను, అంతకంటే ఎక్కువ చేశాను, అటువంటిది మళ్లీ వినలేదు. పెద్దల్లో ఒకాయన రుమాలుతో కళ్లద్దాలు తుడుచుకుని, అందరికీ వినబడేలా అన్నాడు: "ఇది ప్రసంగం కాదు, కూలీల ముచ్చట. భాష సరిచేసుకుని వచ్చే ఏడు రావయ్యా."

ఆ ఏడు నాకు అభిషేకం అయింది. సెమినరీలోనే చిన్న ఉపాధ్యాయుడిగా ఉంచుకున్నారు, యేసుపాదానికి భాష నేర్పే పని నాకే అప్పగించారు. సాయంత్రాలు మైదానంలో చింతచెట్టు కింద ఆయన ముప్పయ్యేళ్ల నాలుకను నేను ఇరవయ్యేళ్ల గర్వంతో వంచేవాణ్ణి. ఓపిగ్గా పలికేవాడు. తప్పు పలికితే తనే బల్ల కొట్టినట్టు తొడ మీద కొట్టుకుని నవ్వేవాడు. ఒకసారి మాత్రం, "సామేలూ, ఈ మాటల్లో మా నాయన సచ్చినాడని చెప్పేకయ్యేదే లేదప్పా. మరణించెను అంటే ఎవురో రాజు పోయినట్లుండాది" అన్నాడు. నేను ఆ పాఠం మళ్లీ మొదటి నుంచి చెప్పించాను.

రెండో ఏడు ఆయన నేను రాసిచ్చిన ప్రసంగం కంఠతా పట్టి నిలబడ్డాడు. సగం వరకు తప్పు లేకుండా చెప్పాడు. తర్వాత మాట ఆగిపోయింది. నిమిషం, రెండు నిమిషాలు. చెమట నుదుటి నీలం చుక్కల మీదుగా కారింది. ఉన్నట్టుండి తన మాటలో, "నాకు రాలేదు స్వామీ, మన్నించు" అని దేవుడితోనే చెప్పి దిగిపోయాడు. కాదన్నారు.

మూడోసారి ప్రసంగం కూడా అడగలేదు. ఆఫీసు గదిలో అయిదుగురం కూర్చున్నాం, అయ్యగారు, ముగ్గురు పెద్దలు, నేను. నా ఉద్యోగం పక్కా చేసే కాగితం అదే బల్ల మీద ఉంది. అయ్యగారు నా వైపు తిరిగి, ఎంతో మర్యాదగా, "సామేలు గారూ, మీ ఇద్దరిదీ ఒకే ఊరు. మీ మాటకు విలువ ఇస్తాం. మీరేమంటారు?" అని అడిగారు.

నేనన్నది ఇది. "మనిషి మంచివాడే అయ్యగారూ. కానీ బలిపీఠం ముందు నిలబెడితే సంఘానికి గౌరవంగా ఉంటుందా అన్నది ఆలోచించాలి."

ఆయన్ను సమర్థిస్తే నా నోట్లోనూ లైన్ల వాసన పసిగడతారని భయం. అంతకు మించి కారణం లేదు. ఎన్ని ఏళ్లు వెతికినా నాకు వేరే కారణం దొరకలేదు.

ఉపదేశిగా ఆయన్ను గనులకే పంపారు. మా సంఘంలో ఉపదేశి పాటలు పాడించవచ్చు, పిల్లలకు బోధించవచ్చు, చచ్చినవాళ్లను పూడ్చవచ్చు. బాప్తిస్మం ఇవ్వకూడదు, ప్రభు భోజనపు రొట్టె చేత్తో ముట్టి ఇవ్వకూడదు. అందుకు కోలారు నుంచి పాస్టరు రావాలి. ఆ పాస్టరు చాలా ఏళ్లు నేనే. రెండు నెలలకోసారి తెల్ల అంగీ మడిచి సంచిలో పెట్టుకుని పోయేవాణ్ణి. ఆయన పెంచిన సంఘంలో ఆయన పక్కన నిలబడి గిన్నె పట్టుకుంటే, నేను రొట్టె విరిచేవాణ్ణి. ఆరాధన అయ్యాక ఇంటికి పిలిచి అన్నం పెట్టేవాడు.

గనులు మూతబడిన తర్వాతి సంగతి ఒకటి చెప్పాలి. రాతి దుమ్ముతో ఊపిరితిత్తులు రాయిలా అయిపోయిన పౌలయ్య అనే ముసలి డ్రిల్లరు చావుబతుకుల్లో ఉండి ప్రభు భోజన సంస్కారం అడిగాడు. యేసుపాదం పొద్దున్నే మా ఆఫీసుకు ఫోన్ చేయించాడు. నేను పాస్టరు బంగళాకు వేయాల్సిన రంగు గురించి కమిటీ మీటింగులో ఉన్నాను. మర్నాడు బస్సు దిగేసరికి పౌలయ్య ఇంటి ముందు పరామర్శకు వచ్చేవాళ్ల కోసం బెంచీలు వేసి ఉన్నాయి.

"ఇచ్చేయాల్సింది కదన్నా, నేనేమన్నా అనేవాణ్ణా?" అన్నాను యేసుపాదంతో. ఇంతకంటే సిగ్గుమాలిన ప్రశ్న నేనెప్పుడూ వేయలేదు.

ఆయన ముఖం నల్లబడింది. "ఇప్పుడడగతాండావా? మూడు తూర్లు అడిగినాడప్పా ఆ ముసలాయన. నువ్వే ఇయ్యి యేసుపాదం, నీ చేత్తో ఇయ్యి అన్నాడు. నాకు అధికారం లేదు తాతా అంటిని. నాకు రొట్టె ముక్క పెట్టేకి నీకెవడురా అధికారమిచ్చేది అన్నాడు. నేనేం చెప్పేది? చెప్పు, నువ్వు పాదిరివి కదా, నేనేం చెప్పేది?" అంటూ పిడికిలితో గోడను కొట్టాడు. సున్నం రాలింది, వేళ్ల కణుపుల మీద రక్తం. ఇదీ పత్రిక రాసిన వినయశీలి. ఆ మనిషికి కోపముండేది. తిండి తిన్నా, పాట పాడినా ఆ కోపం ఆయనలోనే ఉండేది. దాన్ని కూడా ఈరోజు ఆయన దగ్గర్నుంచి లాగేసుకున్నారు.

ఇప్పుడు మా సెమినరీకి అద్దాల తలుపులు వచ్చాయి. ఈమధ్య ఒక సభకు పిలిస్తే పోయాను. ప్రజల భాషలో దైవశాస్త్రం అని ఫ్లెక్సీ కట్టారు. బెంగళూరు నుంచి వచ్చిన పండితుడొకాయన తెర మీద బొమ్మలు వేసి, శ్రామికుల నుడికారంలో దేవుణ్ణి వెతకాలని గంటన్నర చెప్పాడు. అందరూ రాసుకున్నారు. గేటు దగ్గర కుర్చీలు మోస్తున్న లైన్ల ఆడవాళ్లు "ఇంగెంతసేపుండాది?" అని అడిగితే, ఒక విద్యార్థి వాళ్ల యాసను అనుకరించి స్నేహితుణ్ణి నవ్వించాడు. మారిందేమిటో నాకు తెలియలేదు. అప్పుడు పెన్సిల్‌తో కొట్టి చెప్పేవారు, కనీసం మనకు తెలిసేది.

పత్రిక వచ్చిన వారానికి యేసుపాదం భార్య సువార్తమ్మ వదిన దగ్గరికి పోయాను. లైన్లలోని పాత ఇంట్లోనే ఉంటోంది, బెంగళూరు నుంచి వచ్చే రైలు ఆ దగ్గర్లోనే ఆగిపోతుంది. పత్రిక చేతికిస్తే వేలు పెట్టి ఒక్కో అక్షరమూ చదువుకుంది. నాలుగో వాక్యం దగ్గర వేలు ఆగింది.

"వద్దన్నాడంటనా? ఎవురు వద్దన్నది?" అని నా వైపు చూసింది. "మూడో తూరి ఆయప్పకు తెల్ల అంగీ నేనే కుట్టినాను సామేలూ. ఈ తూరి ఇస్తారు అని కుట్టినాను. మూడేండ్లు పెట్లో పెట్టుకోనుంటి. ఆమీద కత్తిరించి బిడ్డలకు చొక్కాలు కుట్టేసినాను. వద్దనేవాడైతే నాతో ఎందుకు కుట్టిస్తాడు?"

"పత్రికకు ఉత్తరం రాస్తాను వదినా. తప్పు దిద్దమని గట్టిగా రాస్తాను."

"ఈడనే రాయి. నా ఎదురుగా రాయి."

మనవరాలి నోటుబుక్కు ఇచ్చింది. నేల మీద కూర్చుని రాశాను. ఆయన మూడుసార్లు అభ్యర్థించారని, ప్రతిసారీ తిరస్కరించారని, కారణం ఆయన మాటతీరు తప్ప మరొకటి కాదని, అది దేవుని ఇంట్లో జరిగిన అన్యాయమని రాశాను. కోపం బాగా పలికింది. ఆ ఉత్తరాన్ని పత్రిక ఇంతవరకూ వేయలేదు, వేస్తుందన్న ఆశ కూడా నాకు లేదు, అందుకే ఇదంతా ఇక్కడ రాస్తున్నాను. ఉత్తరాన్ని ఇలా ముగించి ఆమెకు చదివి వినిపించాను: "మూడోసారి నిర్ణయం జరిగిన గదిలో నేనూ ఉన్నాను. ఆరోజు మౌనంగా ఉండిపోయినందుకు సిగ్గుపడుతున్నాను."

సువార్తమ్మ వదిన చాటలో రాగులు చెరుగుతోంది. చెయ్యి ఆపింది.

"మౌనంగానా?"

నేను పెన్ను కింద పెట్టాను.

"ఆయప్ప ఆ పొద్దు యాడుండాడనుకున్నావు? ఆ గది కిటికీ కిందనే, అరుగు మీద కూర్చోనుండాడు. పిలుస్తారేమో అని. నువ్వు చెప్పిన మాట మాట ఇంటికొచ్చి నాకు చెప్పినాడు. బలిపీఠమనీ, గౌరవమనీ. నువ్వు గమ్మున యాడుంటివి సామేలూ? మాట్లాడితివి కదా."

అన్ని ఏళ్లు. రెండు నెలలకోసారి ఆ గుమ్మంలో నిలబడి, "కాళ్లు కడుక్కో సామేలూ, అన్నం చల్లారిపోతాది" అని పిలిచిన మనిషికి మొదటి నుంచీ తెలుసు.

"మరి ఒక్కనాడు కూడా నన్ను అడగలేదే వదినా?"

"నువ్వే చెప్తావని ఉండినాడు" అంది ఆమె. "ఆయన మన్నించినాడో లేదో నాకు చెప్పలేదు. నేనైతే మన్నించలా. ఇంగ రాయి."

ఆ వాక్యం కొట్టేశాను. దాని కింద నేను ఆ గదిలో అన్న మాటను, ఒక్క అక్షరం మార్చకుండా, అన్నది అన్నట్టే రాశాను. ఆమె నోటుబుక్కు తీసుకుని, మళ్లీ వేలు పెట్టి మొదటి నుంచి చివరిదాకా చదివింది. చదివి నా వైపు తోసి, అంది:

"కింద నీ పేరు పెట్టు."